ఎర్ర బల్బు వెలుగుతుండగా నవ్వరాదు

పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి చూసిన మొదటి సినిమా జపాను సినిమా. అందులో ఒకచోట నేను నవ్వాను. ఆ నవ్వు మీద మా పురపాలక సంఘం విచారణ జరిపింది, తీర్మానం చేసింది, చివరికి వైరింగు కూడా చేయించింది.

జపాను సినిమా మా ఊరికి దానంతట అది రాలేదు. మా పట్టణం శివార్లలో జపాను వాళ్ళు పంపుల ఫ్యాక్టరీ పెడతారని ఒక మాట పుట్టింది. స్థలం చూడటానికి హిరోతా అనే ఇంజనీరు వచ్చి గెస్టుహౌసులో దిగాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ఎవరు ఏ పచ్చడి వడ్డించినా కాదనకుండా తిని, చెమట తుడుచుకుంటూ నమస్కారం పెట్టేవాడు. ఆయన గౌరవార్థం ఏదో ఒకటి చేయాలని కమిషనర్ మార్తాండరావు గారు సభ పెట్టారు. కూచిపూడి పెడదామని ఒకరన్నారు. హరికథ అని ఇంకొకరన్నారు.

"అతిథికి మన సంస్కృతి చూపించడం ప్రతి పురపాలక సంఘమూ చేస్తుంది," అన్నారు కమిషనర్ గారు. "అతిథి సంస్కృతిని అతిథికే చూపించడం మనం మాత్రమే చేస్తాం."

అలా ఒక జపాను సినిమా వచ్చింది. దాని అసలు పేరు పోస్టరులో పట్టలేదు కాబట్టి తెలుగులో 'లాండ్రీ వీరుడు' అని వేశారు.

మా ఆయన చలపతి ఆ పురపాలక సంఘంలోనే జూనియర్ అసిస్టెంటు. అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నారు. ఉద్యోగం ఖాయం చేసే ఫైలు కమిషనర్ గారి బల్ల మీద ఉంది. అది కదిలితే ఉద్యోగం నిలుస్తుంది, ఉద్యోగం నిలిస్తే మాకిచ్చిన క్వార్టరు నిలుస్తుంది. ఆ క్వార్టరంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. రెండే గదులు. కానీ వంటింటి కిటికీలోంచి జామకొమ్మ ఒకటి లోపలికి వచ్చి, గట్టు మీద నేనేం చేస్తున్నానో చూస్తూ ఉంటుంది. పాలు పొంగే ముందు ఒకలాంటి చప్పుడు చేస్తాయని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. మా ఆయన నన్ను ముద్దుపేరుతో పిలవడానికి సిగ్గుపడి, ప్రతిసారీ "ప్రియంవదా" అని పూర్తిగా, హాజరు పిలిచినట్టు పిలుస్తారు. పిలిచినప్పుడల్లా "ప్రెజెంట్ సార్" అనాలనిపిస్తుంది. ఒకసారి అన్నాను కూడా.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మా ఆయనకు మడతపెట్టే గుణం ఉంది. చొక్కాలు, దుప్పట్లు సరే, ఎవరైనా పెడతారు. ఈయన పొయ్యిగట్టు తుడిచే గుడ్డను కూడా అంచులు కలిపి మడతపెడతారు. కిరాణా కొట్టు కవర్లను ముక్కోణాలుగా, బుజ్జి బుజ్జి సమోసాల్లా మడిచి డబ్బాలో వరసగా నిలబెడతారు. ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు లోపలెక్కడో గిలిగింత పెడుతుంది. కాపురమంటే ఇలాంటివి కూడా ఉంటాయని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఇక సినిమా. మొదటి ఆటకు హాలు నిండిపోయింది. ముందు వరసలో హిరోతా గారు, ఆయనకు అటూ ఇటూ కమిషనర్ గారూ, సూపరింటెండెంట్ గంగాధరం గారూ. బాల్కనీ కింద బుజ్జిబాబు, అతని బృందం. బుజ్జిబాబు మా ఊరి అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఏ హీరోకి అని అడగకూడదు, ఎవరి సినిమా వస్తే వాళ్ళకి. జేబుల నిండా చింపిన కాగితాలతో వచ్చాడు.

తెర మీద మంచు కురిసింది. ఇంటి లోపలే కురిసింది. అది అలాంటి సినిమా. తలుపు తెరుచుకుని తెల్లకోటు, తెల్లటోపీ పెట్టుకున్న ఒక అందగాడు నెమ్మదిగా నడిచి వచ్చాడు. గాలి లేకపోయినా కోటు ఎగిరింది. వెనకాల బాకా మోగింది. ఇంతకన్నా ఇంకేం కావాలి?

"అన్న వచ్చాడ్రోయ్!" అని అరిచాడు బుజ్జిబాబు. హాలంతా ఈలలు. కాగితాలు గుప్పెళ్ళ కొద్దీ ఎగిరాయి.

కాగితాలు ఇంకా గాలిలో ఉండగానే, ఒక మూల ఇస్త్రీ చేసుకుంటున్న బట్టతల మనిషి వచ్చి తెల్లకోటు ఆయన్ని ఒక్క వేటుకి చంపేశాడు. రక్తం గులాబీ రంగులో, పెళ్ళి పందిట్లో పన్నీరు చల్లినట్టు చిమ్మింది. కోటు మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. ఆ బట్టతల మనిషి తృప్తిగా చూసుకుని, చనిపోయిన వాడి కోటు విప్పి, బల్ల మీద పరిచి, ఎంతో మర్యాదగా మడతపెట్టడం మొదలుపెట్టాడు. సినిమాకి హీరో అతనే. కానీ ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా, హీరో వచ్చీ రాగానే పోయాడని. హాలు మొత్తం నోరు తెరుచుకుని నిశ్శబ్దమైపోయింది. ఆఖరి కాగితం ముక్క ఒకటి ఊగుతూ ఊగుతూ కమిషనర్ గారి తల మీద వాలింది.

సరిగ్గా అప్పుడు మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, చాలా బాధగా అన్నారు: "చేతులు లోపలికి మడవాలి ప్రియంవదా. అలా అయితే కాలరు పాడైపోతుంది."

నేను నవ్వాను. నవ్వడమంటే మామూలుగా కాదు. చున్నీ నోట్లో కుక్కుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా వచ్చింది. అంత నిశ్శబ్దంలో ఆ నవ్వు ఇత్తడి బిందె మెట్ల మీద నుంచి దొర్లినట్టు హాలంతా దొర్లింది.

ముందు వరసలో హిరోతా గారు తల వెనక్కి తిప్పి చూశారు.

మర్నాడు పొద్దున్నే నాకు కబురొచ్చింది.

కమిషనర్ గారి గదిలో పెద్ద బల్ల, బల్ల అవతల కమిషనర్ గారు, పక్కన గంగాధరం గారు. గంగాధరం గారు క్వార్టర్సులో మా పక్కింటివారే. రోజూ గోడ మీంచి "ఏమ్మా, కూరేంటి?" అని అడిగే మనిషి. ఆ రోజు మాత్రం నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు.

"సదరు నవ్వు మీదేనా?" అన్నారు కమిషనర్ గారు.

"నాదేనండి."

"ఉద్దేశపూర్వకమా, యాదృచ్ఛికమా?"

"వచ్చేసిందండి."

"వచ్చేయడం అనే శీర్షిక మన దగ్గర లేదమ్మా," అన్నారు గంగాధరం గారు నొచ్చుకుంటూ. "కారణం ఉండాలి. చూడు, ఒక మిత్రదేశపు పౌరుడు చనిపోయాడు. అదీ ఆ దేశపు ప్రతినిధి సమక్షంలో. అందులోనూ హీరో. ఆ ఘట్టంలో నువ్వు నవ్వావు. ఆయన తల తిప్పారు."

"తల తిప్పిన తీరు మీద కూడా పరిశీలన జరిగింది," అన్నారు కమిషనర్ గారు. "గంగాధరం గారూ, చూపించండి."

గంగాధరం గారు లేచి, మెడ నెమ్మదిగా వెనక్కి తిప్పి, కనుబొమలు కాస్త ఎత్తి, మళ్ళీ ముందుకి తిప్పారు. "ఇలా తిప్పారు సార్. ఆశ్చర్యమైతే గడ్డం లేస్తుంది. గడ్డం లేవలేదు. కాబట్టి ఇది మనస్తాపం."

"మనస్తాపం," అన్నారు కమిషనర్ గారు, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "చూడమ్మా, హిరోతా గారు వచ్చే శుక్రవారం తమ కంపెనీ పెద్దల్ని వెంటబెట్టుకుని మళ్ళీ ఈ సినిమాకే వస్తున్నారు. ఈ లోగా సదరు నవ్వుకు సహేతుకమైన కారణం చూపిస్తే ఫైలు మూసేస్తాం. చూపించలేకపోతే, మిత్రదేశాన్ని కించపరిచిన వ్యక్తి భర్తను సర్వీసులో ఖాయం చేయవచ్చునా అనే ప్రశ్న ఉత్పన్నమవుతుంది."

తలుపు దగ్గర మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. నా కళ్ళ ముందు జామకొమ్మ కదిలింది.

వరండాలోకి రాగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నేనే చెప్పేస్తా. నావల్లే కదా నవ్వావు."

"చెబితే ఏమవుతుందో తెలుసా? ప్రదర్శన మధ్యలో మాట్లాడినందుకు ఒకటి, పక్కమనిషిని రెచ్చగొట్టినందుకు ఇంకొకటి. నా నవ్వు అలాగే ఉంటుంది, పైన మీ మాట చేరుతుంది."

"మరి ఏం చేద్దాం?"

"మీరు మటుకు ఏమీ మడతపెట్టకండి, నేను మళ్ళీ నవ్వేలా ఉన్నాను."

అది భయంలో వచ్చిన నవ్వే. అయినా నవ్వే. తలుపు సందులోంచి గంగాధరం గారు చూశారు. సాయంత్రానికి తాఖీదు అందింది. విచారణ ముగిసేవరకు నా నవ్వును సస్పెన్షన్‌లో ఉంచారు.

సస్పెన్షన్‌కు నిబంధనలుంటాయి కదా. మా ఆయన వెళ్ళి అడిగారు. "ఇంట్లో కూడా నవ్వకూడదాండీ?"

"సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి హెడ్‌క్వార్టర్సు వదిలి వెళ్ళరాదు," అన్నారు గంగాధరం గారు చాలాసేపు ఆలోచించి. "నవ్వుకి హెడ్‌క్వార్టర్సు ఇల్లే అనుకోవాలి. కాబట్టి ఇంట్లో నవ్వొచ్చు. గోడ దాటి వినపడకూడదు. గోడ ఇవతల నేనున్నాను."

ఆ వారమంతా నేను దిండులో ముఖం పెట్టి నవ్వుకున్నాను.

అక్కడ పురపాలక సంఘం ఊరుకోలేదు. ఒక మనిషి ఇష్టం వచ్చినచోట నవ్వగలిగిందంటే వ్యవస్థలోనే లోపముందని కమిషనర్ గారు తేల్చారు. స్పందనల క్రమబద్ధీకరణ సంఘం ఏర్పడింది. సంఘ సభ్యులు ఎక్కడ నవ్వాలో నిర్ణయించడానికి సినిమాను మళ్ళీ మళ్ళీ చూశారు. చూస్తున్నప్పుడు తాము నవ్వితే నిష్పాక్షికత పోతుంది కాబట్టి ఎవరూ నవ్వలేదు. తలనొప్పి మాత్రలు తెప్పించుకున్నారని మా ఆయన చెప్పారు.

రక్తం దగ్గర పెద్ద చర్చ జరిగిందట. చావు కనపడింది కాబట్టి సంతాపం పాటించాలని కమిషనర్ గారు. "రక్తం గులాబీ రంగులో ఉంది సార్," అన్నారట గంగాధరం గారు. "ఎర్ర రక్తానికే సంతాపం. గులాబీకి విచారం చాలు." చివరికి మిగతా చావులన్నిటికీ చప్పట్లనీ, హీరో చావుకు మాత్రం సంతాపమనీ రాజీ కుదిరింది.

తర్వాత వీధిదీపాల విభాగం రంగంలోకి దిగింది. తెర పక్కన మూడు పెద్ద బల్బులు బిగించారు. పచ్చది వెలిగితే నవ్వాలి. పసుపుది వెలిగితే చప్పట్లు, ఈలలు. ఎర్రది వెలిగితే మౌనం. ఎర్ర బల్బు వెలుగుతుండగా నవ్వరాదని హాలు గుమ్మం మీద, టిక్కెట్ల కిటికీ మీద, చివరికి సమోసాల పళ్ళెం మీద కూడా రాయించారు.

సంఘం ముందుకి బుజ్జిబాబు వచ్చి చేతులు జోడించాడు. "మాకు బల్బులెందుకండీ బాబూ! హీరో కనపడితే సాలు, సెయ్యి దానంతటదే లేస్తాదండి."

"చెయ్యి దానంతటది లేవడమే సమస్య," అన్నారు కమిషనర్ గారు. "ఇకమీదట లేపబడుతుంది."

కల్యాణ మండపంలో వార్డుల వారీగా రిహార్సళ్ళు మొదలయ్యాయి. సినిమా లేకుండానే. సినిమా చూపిస్తే జనం దానికి స్పందించే ప్రమాదముందని గంగాధరం గారు ముందే హెచ్చరించారు. ఒక కుర్చీ మీద మూడు బల్బులు, ఎదురుగా రెండొందల మంది. పచ్చది వెలగ్గానే రెండొందల మందీ "హహహ" అన్నారు. ఆరిపోగానే ఆపేశారు. నన్ను చివరి వరసలో కూర్చోబెట్టి, నా నవ్వు సస్పెన్షన్‌లో ఉందని ముందున్న వాళ్ళకి చెప్పారు. వాళ్ళు జాలిగా వెనక్కి తిరిగి చూశారు.

నా ముందు కూర్చున్న ముసలావిడ చెయ్యెత్తింది. "ఎందుకు నవ్వుతున్నామో సెప్తే ఇంకా బాగా నవ్వుతాం కదా నాయనా?"

"కారణాలు ఆఫీసు వ్యవహారం మామ్మగారూ," అన్నారు గంగాధరం గారు. "నవ్వు మటుకే మీది."

"అయితే ఏడుపుకి ఏ బల్బు?"

"ఏడుపుకి మంజూరు రాలేదు."

పచ్చ బల్బు మళ్ళీ వెలిగింది. ఆవిడ "హహహ" అంది, చాలా బాధ్యతగా.

ఈ లోపు బుజ్జిబాబు తన పని తాను చేశాడు. హాలు ముందు రెండంతస్తుల కటౌటు లేచింది. తెల్లకోటు, తెల్లటోపీ, గాలి లేకపోయినా ఎగురుతున్న అంచులు. మొదట వచ్చినవాడే హీరో, నెమ్మదిగా వచ్చాడంటే పెద్ద హీరో. అతనికి అంతే తెలుసు, మా ఊళ్ళో ఎవరికైనా అంతే తెలుసు. దానికి పాలాభిషేకం కూడా అయిపోయాక, సినిమాను పూర్తిగా చూసిన ఒక సభ్యుడు నసిగాడు. "సార్, ఈయన ఆదిలోనే పోతాడు. ఆఖరిదాకా ఉండేది ఆ బట్టతలాయన. హీరో ఆయనేమో!"

కటౌటు వంక, పాలు కారుతున్న టోపీ వంక కమిషనర్ గారు చూశారు.

"పురపాలక సంఘం ఎవరికి కటౌటు పెట్టిందో ఆయనే హీరో," అన్నారు. "సినిమా తీసినవాళ్ళకు ఈ నిర్ణయం తెలియకపోవడం మన తప్పు కాదు."

దాంతో మిగిలిన సినిమా మొత్తం హీరో లేని భాగమైంది. తెల్లకోటు ఆయన చనిపోయే ఘట్టంలో ఎర్ర బల్బు వెలగాలని, జనమంతా లేచి నిలబడి మౌనం పాటించాలని, ఆయన కోటు మడతపెట్టడం పూర్తయ్యేదాకా ఎవరూ కూర్చోకూడదని నిర్ణయించారు. అంటే నేను నవ్విన చోటే. నా నేరం ఇప్పుడు అధికారికంగా హీరో అంత్యక్రియల్లో నవ్వడం.

ఎర్ర బల్బు స్విచ్చు బాధ్యత ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. "చలపతికే ఇవ్వండి," అన్నారు కమిషనర్ గారు. "ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న మనిషి వేలు వణకదు."

ఆ మాట నాకు చెప్పి, ఆయన రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు. "శుక్రవారం ఒక్క ఆట ప్రియంవదా. ఆ కాసేపు నవ్వకుండా ఉండగలిగితే, కారణం లేకపోయినా పోనిస్తారేమో. గంగాధరం గారు అలాగే అన్నారు."

"మీరు నా చెవి దగ్గర ఉండరు కదా," అన్నాను. "ఇంకెందుకు నవ్వొస్తుంది?"

శుక్రవారం వచ్చింది. హిరోతా గారు, వాళ్ళ కంపెనీ పెద్దలు ముగ్గురు కార్లు దిగారు. కటౌటు ముందు ఆగి, మెడలు వెనక్కి వాల్చి, చాలాసేపు చూశారు.

"మీ హీరో," అన్నారు కమిషనర్ గారు ఇంగ్లీషులో, గర్వంగా.

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత కటౌటుకు నడుం వంచి నమస్కరించారు. మర్యాదస్తులు.

హాల్లో నన్ను నడవ పక్కన కూర్చోబెట్టారు. తెర పక్క గోడకి స్విచ్చుబోర్డు, దాని దగ్గర స్టూలు మీద మా ఆయన. బల్బుల వెలుగులో ఆయన నాకు స్పష్టంగా కనపడుతున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేనే ఇస్త్రీ చేశాను, ఆయన మళ్ళీ చేసుకున్నారు.

మంచు కురిసింది. పసుపు బల్బు వెలిగింది. తెల్లకోటు రాగానే ఆరువందల మంది ఒక్క గొంతుతో ఈల వేశారు, బల్బు ఆరగానే ఒక్క గొంతుతో ఆపేశారు. ముందు వరసలో జపాను వాళ్ళు ఉలిక్కిపడి కుర్చీ చేతులు పట్టుకున్నారు. బట్టతల మనిషి వేటు వేశాడు. గులాబీ రంగు పన్నీరు చిమ్మింది. ఎర్ర బల్బు వెలిగింది. ఆరువందల మంది లేచి తలలు వంచారు. కంపెనీ పెద్దలు ఏం జరిగిందో తెలియక తామూ లేచారు. తెర మీద కోటు బల్ల మీద పరుచుకుంది.

నేను కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. జామకొమ్మను తలుచుకున్నాను. కమిషనర్ గారి బల్ల మీది ఫైలును తలుచుకున్నాను. బాగానే ఉంది. నవ్వు రాలేదు. తెర వైపు చూడకుండా ఉంటే చాలని పక్కకు తిరిగి మా ఆయన్ని చూశాను.

అదే పొరపాటు.

ఆయన తెర వైపు చూస్తున్నారు. కనుబొమలు ముడిపడ్డాయి. ఒక చెయ్యి స్విచ్చు మీదే ఉంది, కానీ రెండో చెయ్యి గాలిలోకి లేచింది. తెర మీద అతను కోటు చేతిని బయటికి వేసినప్పుడల్లా, ఈయన చెయ్యి గాలిలో దాన్ని తీసి లోపలికి మడుస్తోంది. ఒకసారి మడిచారు. అతను మళ్ళీ తప్పు వేశాడు. ఈయన నిట్టూర్చి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు. ఆ రెండో చేతికి ఉద్యోగం సంగతే తెలియదు.

నేను ఏం చేయగలను? ఇత్తడి బిందె మళ్ళీ మెట్ల మీద నుంచి దొర్లింది.

వంచిన తలలు ఆరువందలూ లేచాయి. కమిషనర్ గారు కళ్ళు మూసుకున్నారు. మా ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నన్ను చూసిన ఆ చూపులో కోపం లేదు. "పోయింది కదా ప్రియంవదా" అన్నట్టుంది, అంతే. నా నవ్వు సగంలో ఏడుపయ్యేలా ఉంది. దానికి బల్బు కూడా లేదు.

అప్పుడు ముందు వరసలోంచి ఇంకో నవ్వు వచ్చింది.

హిరోతా గారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత మనిషంతా కదిలాడు. పక్కన కంపెనీ పెద్దలు ఆయన్ని చూశారు, తెరను చూశారు, ఇక వాళ్ళ వల్ల కూడా కాలేదు. నలుగురూ మోకాళ్ళ మీద చరుచుకుంటూ నవ్వారు. హిరోతా గారు నవ్వుతూనే తల వెనక్కి తిప్పి నన్ను చూశారు. మొన్న తిప్పినట్టే. గడ్డం ఈసారి కూడా లేవలేదు.

సినిమా అయ్యాక ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి, తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ దేశంలో ఈ సినిమాకి వెళితే అందరూ పడిపడి నవ్వేది ఆ కోటు దగ్గరేనట. మొన్న ఇక్కడ హాలంతా కొయ్యబారి కూర్చుంటే, ఇది దుఃఖించే చోటేమో, ఇన్నాళ్ళూ తామే తప్పుగా నవ్వామేమోనని కంగారుపడ్డారట. "వెనక మీరు నవ్వారు. హమ్మయ్య అనుకుని తిరిగి చూశాను. కానీ పక్కన పెద్దలు గంభీరంగా ఉన్నారు. నవ్వడానికి ధైర్యం చాలలేదు." ఇంకా ఒక మాట అడిగారు. "ఆ మూడు దీపాలు, మీ మతాచారమా?"

నేను కమిషనర్ గారి వైపు చూశాను.

"ప్రాచీన సంప్రదాయం," అన్నారు కమిషనర్ గారు.

మర్నాడు అదే గది, అదే బల్ల. కమిషనర్ గారు నాకు కుర్చీ వేయించారు. గంగాధరం గారు బాదంపాలు తెప్పించారు.

"సదరు నవ్వు పురపాలక సంఘం ముందుచూపుతో చేసిన ఏర్పాటు," అన్నారు కమిషనర్ గారు. "అనుమతి కాస్త ఆలస్యమైంది. జరిగిన పనికి తర్వాత ఆమోదం తెలపడం మనకు కొత్త కాదు. రెండు నవ్వులకూ ఆమోదం ఇచ్చాం. సస్పెన్షన్ ఎత్తేశాం. సస్పెన్షన్ కాలాన్ని నవ్విన కాలంగానే పరిగణిస్తాం. చలపతిని ఖాయం చేశాం."

మా ఆయన తలుపు దగ్గర నుంచి నన్ను చూసి చిన్నగా నవ్వారు. నాకు లేచి గెంతాలనిపించింది. కుర్చీ బరువైనది కాబట్టి ఆగాను.

"ఇక రెండో విషయం," అన్నారు కమిషనర్ గారు. "మీ నవ్వును ప్రామాణిక నవ్వుగా గుర్తించాం. జనం కోరిక మీద సినిమా ఇంకో వారం ఆడుతుంది. ప్రతి సాయంత్రం ఆటకు మీరు రావాలి. ఆ ఘట్టంలో ఎర్ర బల్బు తీసేసి పచ్చది పెట్టించాం. అది వెలగ్గానే మీరు నవ్వుతారు, మిమ్మల్ని అనుసరించి ప్రజలు నవ్వుతారు. నవ్వు ఆగితే ఖాయం చేసిన ఉత్తర్వును పునఃపరిశీలించవలసి రావచ్చు."

సాయంత్రం ఆటకు వెళ్ళాను. ముందు వరసలో నాకు తువ్వాలు పరిచిన సోఫా వేశారు. మా ఆయనకు ఆఫీసులో పని అప్పగించారు. స్విచ్చు దగ్గర ఇంకెవరో ఉన్నారు. తెల్లకోటు వచ్చాడు, పోయాడు. కోటు బల్ల మీద పరుచుకుంది. పచ్చ బల్బు వెలిగింది. ఆరువందల మంది నా వీపు వంక చూస్తూ ఊపిరి బిగపట్టారు.

రాలేదు.

"కానివ్వమ్మా," అన్నారు గంగాధరం గారు వెనకనుంచి. "బల్బు కాలిపోతోంది."

"హహహ," అన్నాను. వెనక ఆరువందల మంది "హహహ" అన్నారు. బిందె కాదు, స్టీలు గ్లాసు కూడా దొర్లలేదు.

ఆట అయ్యాక కమిషనర్ గారు దిగులుగా చూశారు. "నాణ్యత తగ్గింది. అమ్మా, ఇప్పటికైనా కారణం చెప్పండి. ఎందుకు నవ్వొచ్చిందో చెబితే అది మేమే ఏర్పాటు చేస్తాం. రోజూ ఏర్పాటు చేస్తాం. అవసరమైతే పోస్టు సృష్టిస్తాం."

ఒక్క క్షణం నాకు అంతా కనపడింది. తెర పక్కన ఎత్తైన వేదిక. దాని మీద మా ఆయన, మెడలో గుర్తింపు కార్డు, రోజుకో కోటు. పసుపు బల్బు వెలగ్గానే మడత. పచ్చ బల్బు వెలగ్గానే ఆరువందల మంది ఆయన్ని చూసి "హహహ". ఇంటికొచ్చాక ఆయన ఇంకే గుడ్డా ముట్టుకోరు. కవర్ల డబ్బాలో కవర్లు ఉండలు ఉండలుగా పడి ఉంటాయి.

"కారణం లేదండి," అన్నాను. "ఊరికే వచ్చింది."

"ఊరికేనా?"

"ఊరికేనండి. రేపటికి సర్దుకుంటాను."

సర్దుకున్నాను. మర్నాటి నుంచి, కోటు పరుచుకోగానే కళ్ళు మూసుకునేదాన్ని. చీకట్లో కవర్ల డబ్బా మూత తీసేదాన్ని. లోపల సమోసాలు వరసగా నిలబడి ఉండేవి. ఆయన వాటిని నిలబెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, ఒకటి కొంచెం పక్కకి జరపడం కనపడేది. బిందె దొర్లేది. ప్రజలు అనుసరించేవారు. కమిషనర్ గారు చేతి గడియారం చూసుకుని తల ఊపేవారు. వారం గడిచింది. సినిమా వెళ్ళిపోయింది, ఉద్యోగం మిగిలింది, కటౌటు కూడా మిగిలింది. దాన్ని దింపడానికి మంజూరు రాలేదు. ఇప్పటికీ దాని టోపీ మీద పావురాలు కాపురం ఉంటున్నాయి.

మొన్న ఆదివారం పొద్దున నేను తీగ మీది బట్టలు తెచ్చి మంచం మీద పోశాను. సాయం చేద్దామని ఆయన చొక్కా ఒకటి నేనే మడతపెట్టాను. ఆయన టీ తాగుతూ చూశారు. ఏమీ అనకూడదని చాలా ప్రయత్నించారు. గ్లాసు కింద పెట్టారు, మళ్ళీ తీశారు.

"ప్రియంవదా."

"ప్రెజెంట్ సార్."

"చేతులు లోపలికి."

కిటికీలోని జామకొమ్మ మీదున్న పిట్ట ఎగిరిపోయేంత గట్టిగా నవ్వాను. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. కాసేపటికి గంగాధరం గారి గొంతు వినపడింది, పెన్ను మూత తీసిన మనిషి గొంతులా.

"అమ్మా ప్రియంవదా! ఇది ఏ సీనుదమ్మా?"

"ఇది సినిమాలో లేదండీ బాబాయి గారూ," అన్నాను.